ముందు పొగగొట్టం చూడమన్న మాస్టారు

మంగళవారం ఉదయం తెనాలి పక్క అంగలకుదురు నుంచి ఫోన్ వచ్చింది. రేపల్లెలో మా రిపేరు షెడ్డుకి ఫోను లేదు. పక్కనున్న మందుల షాపతను కేకేస్తే నూనె చేతులతోనే వెళ్లి అందుకున్నాను. "మీ మాస్టారు పోయారమ్మా," అన్నారు మాస్టారి భార్య.

మధ్యాహ్నానికి నేను వెళ్లేసరికి చర్చిలో ప్రార్థన అయిపోయింది. సమాధి దగ్గర, ఒకప్పటి మా కాలేజీ నుంచి వచ్చిన ఒకాయన పక్కవాడితో అంటున్నాడు: "పాపం, ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాడు, ల్యాబ్ అసిస్టెంట్‌గానే రిటైరయ్యాడు."

నాకు ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. ఆయన ఎందుకలా ఉండిపోయారో నాకు తెలుసు. ఆ 'పాపం' అన్న మాట నేను ఒప్పుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

పదేళ్ల పైమాట. బాపట్లలో మేం చదివిన డిప్లొమా కాలేజీలో మెకానికల్ బ్రాంచికంతా నేనొక్కదాన్నే ఆడపిల్లని. ల్యాబ్ మాస్టారు రోజూ పొద్దున్నే తెనాలిలో ప్యాసింజరెక్కి వచ్చేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవారు. విప్పిన మరలన్నీ తన టిఫిన్ బాక్సు మూతలో వరసగా పేర్చుకునేవారు. ఎవరైనా తొందరపడితే "ఏంటమ్మా, రైలేమన్నా వెళ్లిపోతోందా?" అనేవారు.

ఆ ఏడు కాలేజీకి ఒక రిమోట్ కారొచ్చింది. మస్కట్‌లో పనిచేసే పాత విద్యార్థి ఒకరు పంపారు. మూరెడు పొడవు కారు, నిమ్మకాయంత ఇంజన్. బ్యాటరీతో నడిచే బొమ్మ కాదు. మెథనాల్, నైట్రో, లోపల అరగకుండా ఆముదం కలిపిన ఇంధనం పోస్తే నిజం కారులా పొగ వదులుతూ పరుగెత్తేది. దాని వెనక ఒకటే ఆముదం వాసన. కాలేజీ ఎగ్జిబిషన్‌లో దాన్ని నడిపే పని మా బ్రాంచి హెడ్డు గారు నాకే అప్పగించారు. పేపరువాళ్లు ఫొటో తీసుకుంటారట, ఆడపిల్లయితే బాగుంటుందట.

ఎగ్జిబిషన్‌కి రెండు రోజుల ముందు కారు మొరాయించింది. స్టార్టవుతుంది, కీచుమని అరుస్తుంది, నిమిషంలో వేడెక్కి ఆగిపోతుంది. ఇంధనం ఎక్కువ తక్కువ చేసే మర ఒకటుంటుంది, దాన్ని నీడిల్ అంటారు. క్లాసంతా తలా ఒకసారి దాన్ని తిప్పారు. ఇంకా పాడైంది.

హెడ్డు గారు వచ్చి అందరి ముందూ అన్నారు. "ఇంధనం కలిపింది ఎవరు? నువ్వే కదా? ఆముదం తగ్గించి ఇంజన్ తగలేశావు. వంటింట్లో కొలతలు కాదమ్మా ఇవి. రేపట్నుంచి నువ్వు ల్యాబ్‌కి రానక్కర్లేదు."

క్లాసు నవ్వింది. నేను సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లాను.

"ఆగమ్మాయ్," అన్నారు మాస్టారు. హెడ్డు గారి వైపు తిరిగి, "ఇంజన్ తగలబడిందని ఎవరు చూశారండి? విప్పి చూద్దాం సార్. ఆ పిల్లే విప్పుతుంది," అన్నారు.

సంచీ బల్ల మీద పెట్టి కారు ముందు కూర్చున్నాను. నేనూ నీడిల్ మీదే చెయ్యి వేశాను.

"దాన్ని ముట్టుకోకు. ముందు పొగగొట్టం చూడు. లోపలికి పోయేదాని సంగతి తర్వాత, బయటికొచ్చేది సరిగ్గా వస్తోందా?"

చూశాను. ఇంజన్‌కీ పొగగొట్టానికీ మధ్య కీలు దగ్గర నల్లటి జిడ్డు. పొడిగా ఉండాల్సిన చోటు. మాస్టారు సబ్బు ముక్కా గ్లాసుడు నీళ్లూ నా ముందు పెట్టారు. కీలు చుట్టూ నురగ రాసి, గొట్టం చివర నోరు పెట్టి ఊదాను. కీలు దగ్గర బుడగలు లేచాయి.

"ఏం అర్థమైందో పైకి చెప్పు. గట్టిగా."

చెప్పాను. ఈ పొగగొట్టం నుంచి ఒక సన్నటి ట్యూబు ఇంధనం ట్యాంకుకి వెళుతుంది, పొగ ఒత్తిడే ఇంధనాన్ని ఇంజన్‌లోకి నెడుతుంది. కీలు దగ్గర లీకైతే ఆ ఒత్తిడి ఉండదు, ఇంజన్‌కి ఇంధనం చాలదు, ఎండిపోయి వేడెక్కుతుంది. నా కలపడంలో తప్పు లేదు. రెండు మరలు విప్పితే, పొగ కారకుండా కీలు సందులో వేసే పల్చటి రేకు, గాస్కెట్, సగం చిరిగిపోయి ఉంది.

"దీన్ని ఎవరో విప్పి బిగించారు. ఎవరు బాబూ?" అన్నారు మాస్టారు.

ఆదివారం హెడ్డు గారు తన స్నేహితులకి కారు విప్పి చూపించారని అటెండరుకి తెలుసు. అతను నేల చూపులు చూశాడు. హెడ్డు గారి మొహం ఎర్రబడింది.

"సరే, దొరికింది కదా, కానివ్వండి," అన్నారాయన.

"కాదండి," అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు. "నలుగురిలో అన్నారు. నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలండి."

హెడ్డు గారు విననట్టు వెళ్లిపోయారు. మాస్టారు ల్యాబ్ రిజిస్టర్ తెరిచి రాశారు: లోపం - పొగగొట్టం గాస్కెట్; కారణం - విప్పి సరిగా బిగించకపోవడం; కనిపెట్టినది - నా పేరు. ఆ తర్వాత పల్చటి రాగిరేకు ఇచ్చి, కొత్త గాస్కెట్ నాచేతే కత్తిరింపించారు. ఎగ్జిబిషన్‌లో కారు గ్రౌండు చుట్టూ ఎనిమిది సార్లు తిరిగింది. పేపరు ఫొటోలో నా మొహం ఉగ్రంగా ఉంది.

ఆ పేజీ చింపెయ్యమని హెడ్డు గారు రెండు సార్లు మనిషిని పంపారు. "చింపితే రిజిస్టర్ కుట్టంతా ఊడుతుందని చెప్పండి," అని మాస్టారు కబురు పెట్టారు. ప్రమోషన్ జాబితాలో ఆయన పేరు మళ్లీ రాలేదు. నేను బాధపడితే, "ఇంజన్లున్న గదిలోంచి కాయితాలున్న గదిలోకి పంపిస్తారు, అంతేగా. నాకెందుకే?" అన్నారు.

పోయిన వేసవిలో మాస్టారు మొదటిసారి మా షెడ్డుకి వచ్చారు. చిక్కిపోయి ఉన్నారు. నిజాంపట్నం నుంచి పడవ ఇంజన్ తెచ్చిన ఒక పెద్దాయన నన్ను దాటుకుని నేరుగా మాస్టారి దగ్గరికెళ్లి, "అయ్యా, నల్ల పొగ కక్కుతోందండి, కాస్త చూడండి," అన్నాడు.

"నన్నడుగుతావేంటయ్యా? మేస్త్రీ ఆవిడ," అన్నారు మాస్టారు. "నేను టీ తాగడానికొచ్చా."

స్టూలు గుమ్మంలోకి లాక్కుని కూర్చున్నారు. నేను ఇంజన్ స్టార్ట్ చేశాను. షెడ్డంతా దద్దరిల్లింది, పొగ ఆయన మీదుగానే వీధిలోకి పోతోంది. ఆయన జరగలేదు. కాలు మీద కాలేసుకుని, టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, దారిన పోయేవాళ్లు వంగి లోపలికి చూస్తుంటే, కూర్చున్నచోటే కాస్త పక్కకి ఒరిగి, గడ్డంతో నన్ను చూపించారు.