మూడోసారికి ముందు

మా నాయన సినిమాలో గూండా వేషం వేశాడంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. మదనపల్లె టమోటా యార్డులో ముప్పై ఏళ్లు వేలం పాడిన మనిషి ఆయన. పిల్లి అడ్డమొస్తే దానికే దారిచ్చి నిలబడే రకం. అటువంటివాడి మెడలో లావుపాటి గిల్టు గొలుసు వేసి, కళ్లకు నల్లద్దాలు పెట్టి, ముఠా మనిషివి పొమ్మన్నారు.

కథ వింటే మీకూ నవ్వొస్తుంది. టమోటా బాక్సుల అడుగున దొంగ బంగారం పెట్టి ఊళ్లు దాటించే ముఠా ఒకటి. దాని గుట్టు లాగడానికి ఒక పోలీసు రైతు వేషంలో యార్డుకు వస్తాడు. తమాషా ఏమిటంటే, ముఠాలో సగంమంది అప్పటికే వేరే ఊళ్ల నుంచి వచ్చి చేరిన మారువేషం పోలీసులు. ఎవరు ఎవరిని పట్టుకోవాలో ఎవరికీ తెలియదు. నాయన ఆ ముఠా తరఫున వేలం పాడేవాడు. కథంతా విని, "ఇంతమందిలో నిజం దొంగ ఒగడన్నా ఉండాడా అప్పా?" అని డైరెక్టరునే అడిగాడట.

షూటింగ్ యార్డులోనే, మధ్యాహ్నం వేలాలు అయిపోయాక. నేను పుంగనూరులో బడిపంతుల్ని. బస్సెక్కితే గంట కూడా పట్టదు. నాయన ఫోన్ చేసి, "ఒగసారి వచ్చి సూసి పోరా. రేపు, ఎల్లుండి కూడా ఉండాది" అన్నాడు. పేపర్లు దిద్దాలన్నాను. అబద్ధం. గిల్టు గొలుసుతో కోతివేషాలు వేసే తండ్రి పక్కన నిలబడడానికి నాకు సిగ్గేసింది. రేపు బడి పిల్లలు ఆ సినిమా చూస్తే నా ముందే వెక్కిరిస్తారని భయం. అంత గొప్ప పరువు నాది!

రెండు నెలలకు నాయన యార్డులోనే, పాడుతూ పాడుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రి దాకా కూడా రాలేదు.

అమ్మ దగ్గర ఆయన ఫొటోలున్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను. ఎవరైనా వీడియో తీయబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "మీ నాయన మొగం గోడ మింద ఉండాది. గొంతే యాడా లేకుండా పోయె. సినిమా వస్తే ఒగసారి విని సచ్చిపోతాన్రా" అనేది అమ్మ. అందరూ సినిమా చూడడానికి ఎదురుచూస్తారు, మా అమ్మ వినడానికి ఎదురుచూసింది.

సరిగ్గా అప్పుడే సినిమావాళ్ల దగ్గర్నుంచి ఫోన్. యార్డులో రికార్డు చేసిన మాటల్లో లారీల మోత ఎక్కువైందట, పనికిరాదట. డబ్బింగ్ చెప్పాలి. మీ గొంతు మీ నాన్నగారి గొంతు ఒకటేనని యార్డులో చెప్పారు, వస్తారా అన్నారు. శనివారం బెంగళూరు పోయాను.

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, వినండి అన్నారు. నాయన బతికి వచ్చాడు. వెనక హారన్లు, కూలీల కేకలు, మధ్యలో ఆయన గొంతు. "ఒకటోసారీ... రెండోసారీ..." అని ఆగాడు. ఆ ఆగడం నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మూడోసారి అనే ముందు నాయన రైతు మొహంలోకి చూసేవాడు. రైతు తల ఊపితేనే మూడోసారి అని పాట కొట్టేవాడు. ఊపకపోతే ఆ సరుకు అక్కడే ఆగేది. మండీ యజమాని తిట్టినా సరే, ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ తప్పలేదు.

"కట్! ఎందుకాగుతున్నారండీ?" అని ఆ రికార్డింగులోనే డైరెక్టర్ అరుపు.

"రైతు తలకాయ ఊపల్ల గదప్పా."

"వాడు రైతు కాదండీ, పోలీసు!"

"పోలీసయితే మాత్రం? కాయలు ఆయప్పవే గదా."

అక్కడ అందరూ నవ్వారు. ఇక్కడ వింటూ నేనూ నవ్వాను. మళ్లీ తీశారు, మళ్లీ ఆగాడు. ఆఖరికి డైరెక్టరే మీకో దండమండీ అని అలాగే ఉంచేశాడు. తర్వాతి షాటుకు ముందు, మైకు దగ్గరున్న ఎవరితోనో నాయన మెల్లగా అంటున్నాడు: "ఆ కుర్సీ ఈడే ఉండనీమ్మా. మా కొడుకు వస్తానన్న్యాడు."

నేను వస్తానని అనలేదు. ఎప్పుడూ అనలేదు.

హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాను. మంచినీళ్లిచ్చారు. తర్వాత డబ్బింగ్ మొదలైంది. నాయన ఆగినచోట తెరమీద రైతు వేషంలోని పోలీసు బిత్తరచూపులే కనిపిస్తాయి, నాయన మొహం కనిపించదు. "అక్కడ ఖాళీగా ఉంది సార్, మీ ఊరి మాట ఏదైనా వేయండి" అన్నాడు డైరెక్టర్. "యాలప్పా మొగం అట్ల పెట్టినావు, పెండ్లిసూపులకు వస్తివా?" అన్నాను. గదిలో అందరూ పడీపడీ నవ్వారు. నాకు ఎంత సంతోషమైందో! చచ్చిపోయిన తండ్రి గొంతు విని పావుగంట కాలేదు, నా జోకుకు నేనే మురిసిపోయాను. ఆ రికార్డింగ్ నాకివ్వండి అని అడగాలని కూడా తట్టలేదు. నెల తర్వాత తట్టి ఫోన్ చేస్తే, అలాంటివి ఉంచరు సార్, తుడిచేశారు అన్నారు.

అప్పటినుంచి బడిలో హాజరు పిలవబోతే నాయన పలుకుతున్నాడు. పిల్లలు మామూలుగానే ప్రెజెంట్ సార్ అంటారు. వినిపించేది నాకే. నెమ్మదిగా మాట్లాడి చూశాను, గొంతు మార్చి చూశాను. ఫోన్లో హలో అన్నా ఆయనే.

అమ్మకు నిజం చెప్పలేదు. నాయన గొంతేననుకుని ఒక్కసారి వింటే చాలు కదా అనుకున్నాను. సినిమా వచ్చాక మదనపల్లెలో చూపిస్తే యార్డువాళ్లెవరో నోరు జారుతారని, కుప్పంలో మా చెల్లెలింటికి తీసుకుపోయి అక్కడ మ్యాట్నీకి కూర్చోబెట్టాను. సొంత అమ్మ పక్కన మారువేషంలో కూర్చున్నట్టే ఉంది.

నాయన నల్లద్దాలతో తెరమీదికి రాగానే చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "నాయన గొంతే మా, అచ్చం నాయన గొంతే!" అని ఏడ్చింది. ఒకటోసారి, రెండోసారి. తర్వాత పెళ్లిచూపుల మాట. హాలంతా ఈలలు. అమ్మ నవ్వలేదు, ఏడవలేదు. కళ్లు మూసుకుని వింటోంది. మూడోసారి అయిపోయాక కళ్లు తెరిచింది.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. చెల్లెలు పక్క అంగడికి నీళ్లసీసా కోసం పోయింది. అమ్మ నావైపు తిరిగి, ఏ కోపమూ లేకుండా అంది: "బాగానే పలికినావు రా. కానీ మీ నాయన మూడోసారికి ముందు రైతు మొగం సూస్తాడు. నువ్వు సూళ్ళేదు."

ఆటో వచ్చింది. ఎక్కాం. కుర్చీ సంగతి అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.