కుప్పం అక్క ఒక్కపొద్దులు

మా ఆఫీసుకు బిర్యానీ వచ్చిందంటే ఎవరిదో ఉద్యోగం పోయిందని అర్థం. కొత్తగా చేరినవాళ్లకు ఆ సంగతి తెలియక ఇంకో ముక్క అడిగి వేయించుకునేవాళ్లు. తెలిసినవాళ్లు మాత్రం పొట్లం దారం విప్పకుండా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు, ఈ పొద్దు ఎవరి వంతో అని.

మాది చిన్న సంస్థ కాదు. యుద్ధాలు జరిగే దేశాల్లో డేరాలు వేసి, వరదలొచ్చిన చోట దుప్పట్లు పంచే విదేశీ సంస్థ. మదనపల్లెలో పెద్దాఫీసు, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి చిన్నవి. మెట్ట పల్లెల్లో తాగునీళ్లూ ఆరోగ్యమూ మా పని. నేను ఎనిమిదో తరగతి నడిమధ్యలో బడికి దండం పెట్టి, టమోటా మార్కెట్టులో క్రేట్లు మోసి, ఆటో తోలి, ఆఖరికి ఇందులో బండి డ్రైవరుగా చేరినాను. అక్కడి నుంచి మానవ వనరుల విభాగంలోకి ఎట్ల వచ్చినానంటే, నా నోటివల్లే. ఇంటర్వ్యూలకు వచ్చిన పిల్లోళ్లు బయట బెంచీ మీద వణుకుతా కూర్చుంటే, "భయపడద్దప్పా, లోపల ఉండేది మనుషులే, కరవరు. కరిసినా మన కాడ ఇంజెక్షన్లు ఉండాయి" అనేవాణ్ణి. వాళ్లు నవ్వుకుంటా లోపలికి పోయేవాళ్లు. అది మేడం చూసింది. మేడం అంటే ఆ విభాగానికి పెద్ద, హైదరాబాదు నుంచి వచ్చినామె. "నువ్వు బండి తోలినప్పుడు తోలు, మిగిలిన టైములో నా దగ్గర ఉండు" అనింది. మనుషుల్ని తీసుకునే చోట నాకు ఒక కుర్చీ దొరికింది. మనుషుల్ని తీసేసేది కూడా ఆ కుర్చీ పక్కనుంచే అని అప్పుడు తోచలేదు.

బిర్యానీ పద్ధతి ఎట్ల పుట్టిందో చెప్తాను. ఒకసారి సోమల పక్క పని చేసే మా పిల్లోడి నాయన చచ్చిపోయినాడని ఆఫీసుకు ఫోన్ వచ్చింది. పిల్లోడు అప్పుడే పల్లెలు తిరిగి వచ్చి చేతులు కడుక్కుంటాండాడు. మేడం పాపం, వెంటనే పిలిచి చెప్పబోయింది. వంట చేసే పెద్దమ్మ అడ్డం పడింది.

"వాడింకా తిన్లేదమ్మా. తిన్నాక సెప్పండి. ఇంటికి పోతే పొయ్యి రాజేసేవాళ్లుండరు."

అందరం కూర్చోని వాడి చేత అన్నం తినిపించినాం. నేను పక్కనే ఉండి ఏవో సినిమా కబుర్లు చెప్పినా. వాడు మజ్జిగ తాగి చెయ్యి కడుక్కున్నాక, నాయనకు బాగలేదంట పోదాం పదప్పా అని బండి ఎక్కించినాం. మా సీమలో ఇది కొత్త కాదు. చెడ్డ మాట ఖాళీ కడుపుకు చెప్పరు. మేడం కండ్లు తడి చేసుకునింది. ఆ మధ్యాహ్నమే లాప్‌టాప్‌లో ఏదో రాసుకునింది.

ఆ రాసుకునింది ఏమిటో తర్వాత తెలిసింది. ఉద్యోగం నుంచి తీసేసేవాళ్లకు ముందు కడుపు నిండా భోజనం, తర్వాతే మాట. స్థానిక సంస్కృతిని గౌరవించే పద్ధతి అని దానికి పేరు. ఢిల్లీలో మీటింగు పెట్టి తెర మీద చూపించినారంట, చప్పట్లు కొట్టినారంట. మా సావు అన్నం ఏసీ గదిలో బొమ్మయింది.

అంతలో యాడనో దూరదేశంలో ఎవరో సంతకం పెట్టినారు, ఫండు ఆగిపోయింది. ఇంక చూడండి. వారం వారం నేను పుంగనూరులో బాయ్ హోటలు ముందర బండి ఆపేది, పొట్లాలు ఎత్తుకునేది. బాయ్‌కి అనుమానం వచ్చింది.

"క్యా అప్పా, మీ ఆఫీసులో దినామూ షాదీనా?"

"షాదీ కాదు బాయ్, విడాకులు."

బాయ్ పడీ పడీ నవ్వినాడు. నేనూ నవ్వినా. బండిలో వెనక సీటు మీద పొట్లాలు వేడిగా ఉండేవి, వాసన బైరెడ్డిపల్లె దాటేదాకా నన్ను వదిలేది కాదు. చుట్టూ ఎండిన చేన్లు, లోపల మసాలా వాసన. ఇప్పటికీ ఏ హోటలు ముందర ఆ వాసన తగిలినా బండి అద్దాలు ఎక్కించేస్తాను.

కుప్పంలో ఒకామె ఉండేది. మేమంతా కుప్పం అక్క అనేవాళ్లం. ఆరోగ్యం పని ఆమెది. గర్భిణీలను ఆసుపత్రికి తీసకపోయేది, ముసలోళ్లకు మందులిచ్చేది. కాళ్లు అరిగేలాగ తిరిగేది. నోరు మాత్రం నాకన్న రెండాకులు ఎక్కువ. వాళ్లాయన మేస్త్రీ. కట్టే మిద్దె పైనుంచి జారిపడి తుంటి చెడిపోయింది, మంచం మీదే ఉండాడు. తుంటి మార్చే ఆపరేషన్ చేస్తే లేచి నడుస్తాడని డాక్టర్లు చెప్పినారు. మా సంస్థ ఉద్యోగులకు ఇన్సూరెన్సు కార్డు ఉండాది, భార్యాభర్తలకు ఇద్దరికీ పనిచేస్తుంది. ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చినారు.

ఆ తేదీకి సరిగ్గా విదేశాల నుంచి దాతలు వస్తాండారు, వాళ్లు చూడబోయేది ఈమె పల్లెలే. "కొంచెం వెనక్కి జరుపుకోండి, మీరు లేకపోతే ఎట్లా" అనింది మేడం. అక్క జరుపుకునింది. వచ్చినవాళ్లకు బొట్టు పెట్టింది, చామంతి దండలు వేసింది, పల్లె పల్లె తిప్పి చూపించింది. వాళ్లు ఫొటోలు తీసుకోని పోయినారు. ఆసుపత్రివాళ్లు కొత్త తేదీ పై నెల మొదటి వారానికి ఇచ్చినారు. ఈ లోపలే కుప్పం ఆఫీసు మూసేయాలని తీర్మానమయింది.

ఒక సోమవారం మేడమూ నేనూ కుప్పం పోయినాం. దావలో పుంగనూరు, దావలో బాయ్. నేను పొట్లాలు లోపల పెట్టి వచ్చేసరికి అక్క వెనక వరండాలో కాళ్లు బార్లా చాపి కూర్చోనుంది.

"ఏమప్పా, వాసన గేటు కాడికే వచ్చె. ఎవురికి ఈ పొద్దు తద్దినం?"

"ఊరికే తెచ్చినామక్కా. మేడం పుట్టినరోజు."

"ఆయమ్మ పుట్టినరోజుకు పోయిన నెలే గదా కేకు కోసింది? వారానికొకసారి పుడతాదా?"

అక్క గొంతు తగ్గించింది.

"నాకొక్కటే సెప్పు. తిన్నాకనే గదా సెప్పేది?"

"అదే పద్ధతి అక్కా."

"తినకపోతే?"

నేను ఆమెను చూసినా, ఆమె నన్ను చూసింది. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. ఆపరేషన్ అయ్యేంతవరకు కార్డు బతికుండాల. కార్డు బతకాలంటే ఉద్యోగం ఉండాల. ఉద్యోగం పోవాలంటే ఆమె తినాల.

"ఈ పొద్దు సోమవారం గదా, నాకు ఒక్కపొద్దు" అనింది అక్క, కొంగు నడుముకు చుట్టుకుంటా. "పొయ్యి మీ మేడంకు సెప్పు. శివుడికి మొక్కుకున్నెను."

పోయి చెప్పినా. మేడం వాచీ చూసుకునింది, నిట్టూర్చింది, సరే ఇంకోరోజు వద్దామనింది. మా పద్ధతిని మేమే ఎట్ల దాటేది? తెర మీద చూపించినారు గదా. ఆ పొట్లాలు నేను, కుప్పం ఆఫీసు వాచ్‌మన్ తిన్నాం. ఆ ఒక్క రోజు బిర్యానీ రుచిగా ఉన్నట్టు అనిపించింది.

మళ్లీ శుక్రవారం పోయినాం. ఈసారి మేడం జాగ్రత్తగా సాంబారన్నం, పెరుగన్నం తెప్పించింది.

"శుక్రవారం అమ్మవారికమ్మా" అనింది అక్క, చేతులు కట్టుకోని. "మా ఆయన లేసి నడిసేదాకా మొక్కు."

"కనీసం పళ్లు?"

"నీళ్లు కూడా లేవమ్మా."

మేడం నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు నవ్విస్తే తింటుంది. కొంచెం మాట్లాడవయ్యా."

వరండాలోకి పోయినా. అక్క నిజంగానే పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు, పెదాలు ఎండిపోయి ఉండాయి. "నిజంగానే ఉపాసమా అక్కా?" అన్నా.

"దేవుని పేరు సెప్పి ఉత్తదే అంటే ఆపరేషన్‌లో ఏమన్నా అయితే? ఉంటే నిజంగానే ఉండాల" అనింది.

నేను లోపలికి వచ్చి, "గట్టి మొక్కు మేడం. తినిపిస్తే మనకే చుట్టుకుంటుంది" అన్నా. మేడం మళ్లీ వాచీ చూసుకునింది. తిరిగి వచ్చేటప్పుడు పలమనేరు దాటినాక, "ఆమెకు తెలుసు కదా?" అనింది.

"ఏంది మేడం?"

"ఏం లేదు. తోలు."

ఆ తర్వాత వారం ఢిల్లీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. నెలాఖరు లోపల పేర్లు తీసేయాల్సిందే అని. ఆపరేషన్ నెల దాటినాక మొదటి వారంలో. నేను మేడంతో అన్నా, "ఇంకో సోమవారం పోదాం మేడం, ఆమె తినదు, మనం వచ్చేద్దాం, అట్లనే జరిగిపోతుంది" అని. మేడం గోడ మీది క్యాలెండరు చూసుకునింది.

ఆ సోమవారానికి రెండు రోజుల ముందే ఆఫీసు నుంచి అక్క ఫోన్‌కు మెయిలు పోయింది. ఇంగ్లీషులో. అప్పుడు ఆమె ఏదో పల్లెలో బాలింతను చూస్తా ఉండింది. ఇంగ్లీషు చదవడం రాక, ఆ బాలింత తమ్ముడు ఇంటరు పిల్లోడితో చదివించుకునిందంట. ఆ పిల్లోడు చదివి, తెలుగులో ఎట్ల చెప్పాలో తెలియక, "అక్కా, మీరు రేపట్నుంచి రావద్దంట" అన్నాడంట. ఆమె పొద్దున సంగటి తినే బయల్దేరింది. పద్ధతి ప్రకారమే జరిగినట్టు లెక్క.

నేను మేడం గదిలోకి తలుపు తట్టకుండా పోయినా.

"అన్నం పెట్టకుండా చెప్పేసినారే మేడం."

"నా చేతిలో లేదు. నెలాఖరు దాటిన తేదీ సిస్టమ్ తీసుకోదు."

"ఆపరేషన్ ఆమె వెనక్కి జరుపుకునింది ఎవురి కోసరం? ఆ తేదీ మాత్రం సిస్టమ్ ఎట్ల తీసుకునింది?"

మేడం ఏడ్చింది. అబద్ధం చెప్పను, నిజంగానే ఏడ్చింది. ఏడ్చినాక టిష్యూతో కండ్లు ఒత్తుకోని, తర్వాత మూసేయాల్సిన పుంగనూరు ఫైలు తెరిచింది.

"మరి మన వైద్య సాయం పథకం ఉండాది గదా, పేదోళ్లకు ఇచ్చేది, అందులో పెట్టండి వాళ్లాయన్ని" అన్నా.

"మన దగ్గర పనిచేసినవాళ్లకు ఏడాది దాకా అందులో ఇవ్వకూడదు. పక్షపాతం అవుతుంది."

ఆ పథకానికి కుప్పం పక్క పల్లెల్లో మనుషుల్ని ఎంచింది అక్కే. ఎవరి ఇంట్లో మంచం పట్టినవాళ్లుండారో, ఎవరికి అడిగే నోరు లేదో ఆమెకే తెలుసు. వాళ్లందరికీ సాయం పోయింది. ఆమెకు మాత్రం ఒక నంబరు ఇచ్చినారు, మనసు బాగలేకపోతే ఫోన్ చేయమని. చేసింది కూడా. అవతల ఎవరో ఆడమనిషి, అంతా హిందీ, నడుమ రెండు తెలుగు ముక్కలు.

"నేను తుంటి అంటా, ఆయమ్మ నాకు ఎట్ల అనిపిస్తాందో సెప్పమంటాది" అని అక్క నాతో ఫోన్‌లో చెప్పింది. "నాకేమీ అనిపించడం ల్యా తల్లీ, ఆయనకే నొప్పి, ఆయన్ని అడుగు అని ఆయన చెవి కాడ పెట్టేసినా. ఆయన వణక్కం అన్నాడు. కట్ చేసేసింది."

నేను నవ్వినా. ఫోన్ పెట్టేసినాక చాలాసేపు మార్కెట్టు రోడ్డులో ఊరికే బండి తోలుకుంటా తిరిగినా.

ఆపరేషన్ ఆ తేదీకి కాలేదు. సర్కారు కార్డు మీద తిరుపతిలో పేరు రాయించుకోని ఎదురు చూసినారు. వంతు వచ్చేలోపల మంచం మీదనే ఆయనకు వీపంతా పుండ్లు పడినాయి. పుండ్లు మానేదాకా కొయ్యలేమన్నారు. మానేసరికి కాలు ఎండిపోయింది. అప్పుడు తుంటి ఆపరేషన్ చేసినారు. డాక్టర్లది తప్పు లేదు, కాలం దాటింది.

ఈ మధ్య ఒక పొద్దున కుప్పం స్టేషన్‌లో అక్క కనిపించింది. కొత్త ప్రాజెక్టు ఏదో వస్తుందని, దానికి మనుషుల్ని తీసుకునే పని మీద వచ్చినోళ్లను దించడానికి నేను పోయుంటి. అక్క బెంగుళూరు రైలు కోసం నిలబడుంది, మెడలో గార్మెంట్సు ఫ్యాక్టరీ కార్డు, చేతిలో టిఫిను బ్యాగు. ఆమె చుట్టూ అట్లాంటివాళ్లు బోలెడు మంది.

"ఏమక్కా, ఫ్యాక్టరీలో ఏం కుడతాండావు?"

"పేంట్లు. విదేశాలకు పోతాయి. మీ దాతలు ఏసుకునే రకం."

"మా మీద కోపం పోలేదా?"

"ఎవుర్ని పట్టుకోని కోప్పడేదప్పా? మీ మేడం ఉండాదా?"

"ల్యా. ఆమెను కూడా తీసేసినారు."

"పెట్టినారా?"

"ఏంది?"

"అన్నం."

లేదన్నా. అక్క నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. రైలు కూత పెట్టింది, ఆడవాళ్లంతా పట్టాల పక్కకు జరిగినారు. నేను గబగబా అడిగేసినా, "బావ నడస్తాండాడా?"

"నడస్తాండాడు" అనింది, బ్యాగు చంకలో పెట్టుకోని రైలు పెట్టె మెట్టు ఎక్కుతా. "గోడ పట్టుకోని బాత్రూము దాకా. మొన్న వాకిలి దాకా పోవాలని సూసి పడినాడు. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాకా ఆడనే ఉండాడు."

రైలు కదిలింది.