గీత పడకూడని పెట్టెలు

మా ఆయన ఈ హిందీ ఊళ్లోని స్టీల్ ప్లాంటులో ఉద్యోగమంతా ఇతరుల పనిలో తప్పులు వెతుకుతూనే గడిపారు. రిటైరయ్యాక తప్పులు పట్టడానికి నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఆయన పవర్ హౌస్ బజారులోని పాత సామాన్ల కొట్టు నుంచి మోటారు సైకిలుకు తగిలించే ఫైబర్ పెట్టెలు రెండు తెచ్చుకున్నప్పుడు లోలోపల సంతోషించాను. ఒకదానికి మూత పగిలింది, రెండోదానికి అడుగే లేదు.

రిసాలిలో మా ఇంటి వరండాలోనే గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టారు. ఆ పొడి పక్కనే ఆరేసిన బట్టల మీద పడింది. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఓర్పు గురించి చెబుతుంటే మేమిద్దరం వీపులు గోక్కుంటూ కూర్చున్నాం.

“ఏటండీ ఇది, ఒళ్లంతా మంట” అన్నాను ఇంటికొచ్చాక.

“ఫైబరంటే అంతే. నీకేటి తెలుసు?” అన్నారు, గోక్కుంటూనే.

పగుళ్లు పూడ్చే రెసిన్‌లో గట్టిపడే మందు ఎక్కువ కలిపారు. అది పెట్టెకు చేరకముందే నా స్టీలు గిన్నెలో రాయైపోయింది. తప్పు గిన్నెదన్నారు.

నెల తిరిగేసరికి పెట్టెలు ఎర్రగా, అద్దంలా తయారయ్యాయి. అది మాత్రం ఒప్పుకోవాలి. బండికి బిగించుకుని ఇద్దరం మార్కెట్టుకు వెళ్లాం. నేను వంకాయలు పెట్టెలో వేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

“అందులో వద్దు, గీతలు పడతాయి.”

“మరి ఇవెందుకండీ?”

ఆయన బండి స్టార్ట్ చేశారు. రెండు ఖాళీ పెట్టెల మధ్య కాళ్లు ముడుచుకుని, కూరల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర పక్క బండి కుర్రవాడు, “బఢియా డబ్బా హై, భయ్యా” అని పెట్టెల్ని మెచ్చుకున్నాడు.

తన భార్య సామాను మొయ్యలేకపోతోందనే వీటిని చేశానని మా ఆయన అతనికి హిందీలో చెప్పారు.