నాయన దిగకూడని గుంట

నాయన మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసేవాడు. అమ్మ రాట్నం తిప్పి కండెలు చుట్టేది. అవ్వ తెగిన పోగులు అతికేది. ఆయన కాళ్లు ఆడితేనే మా అందరి చేతులూ ఆడేవి. జమ్మలమడుగు దగ్గరి మా వీధిలో ప్రతి ఇల్లూ అట్లే బతికేది.

నాకు పదేండ్లప్పుడు నాయనకు ఆయాసం పట్టింది. పాదాలు వాచాయి. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేవాడు. నాటువైద్యంతో తగ్గకపోతే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. కొత్త రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి; ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయి. డాక్టరు నాయన గుండెను చాలాసేపు విన్నాడు.

"గుండె బాగా చెడిపోయిందమ్మా. ఇక మగ్గం తొక్కకూడదు," అన్నాడు అమ్మతో.

పక్క మంచం మీద బేతంచెర్లలో నాపరాళ్లు కొట్టే ఆయన, అవతల ఎద్దులబండి తోలే ఆయన. ఇద్దరిదీ గుండెజబ్బే. వాళ్ల భార్యలు కూలి మానుకొని నేల మీద కూర్చున్నారు.

నాయన అందర్నీ చూసి, "అంతా కష్టం చేసే వయసోళ్లే గదే. మనమంతా ఈడ పండుకుంటే సీమలో పని ఎవురు చేస్తారు?" అన్నాడు.

"సీమ సంగతి మనకెందుకు? నువ్వు లేచి తిరిగితే సాలు," అంది అమ్మ.

ఇంటికి తిరిగొచ్చాక కూడా సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. అమ్మ వేరుశనగ చేలకు కూలికి పోసాగింది. సాయంత్రం ఎండకు కమిలిన ముఖంతో ఆమె గడప దాటగానే నాయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తుంటే మా ఇంట్లో మగ్గం చప్పుడు వినిపించింది. నాయనకు నయమైందని ఎంత సంబరపడ్డానో! పరుగెత్తాను. ఆయన గుంటలో ఉన్నాడు, ఒళ్లంతా చెమట.

"మీయమ్మకు చెప్పొద్దు పాపా. ఈ చీర ఒక్కటి ముగిస్తా. ఇంగ దిగను," అని నవ్వి, నీళ్లు తెమ్మన్నాడు.

నేను చెంబుతో వచ్చేసరికి ఆయన తల నేసిన బట్ట మీద వాలిపోయి ఉంది.

అమ్మ చేలోంచి పరుగున వచ్చింది. ఆయన కాళ్లను గుంటలోంచి పైకి తీస్తూ, "దిగొద్దని చెప్తిని గదయ్యా, శానా చెప్తిని గదయ్యా," అని అంటూనే ఉంది.

నాయన పోయిన ఏడాది తిరక్కుండానే మగ్గం అమ్మేశాం. గుంటను అమ్మ తానే మట్టితో పూడ్చింది. నేను బడి మాని ఆమె వెంట చేలకు పోయాను. మొదటి రోజు వేరుశనగ చెట్లు పీకి నా అరచేతులు బొబ్బలెక్కితే, అమ్మ వాటిని చెంపకు ఆనించుకుని ఏడ్చింది.