మురళి మిగిల్చిన అవతలి గట్టు

నిన్న పొద్దున జగ్గయ్యపేట బస్టాండులో టీ తాగుతుంటే ఫోన్. మురళి పోయాడట, హార్ట్ ఎటాక్.

ఏ మురళి అని అడిగా. మళ్లీ అడిగా.

మొన్న ఆదివారం మాతో ఆడిన మురళే.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. వాడు నందిగామలో ఎరువుల కొట్లో పనిచేసేవాడు. ఆదివారాలు మేం నలుగురం వాడి డాబా మీద ఒక ఆట ఆడతాం. వాడు కథ నడుపుతాడు, మేం అందులో మనుషులం. డైస్ ఎలా పడితే అలా బతుకుతాం, చస్తాం. ఆ కథ జరిగే ఊళ్లకి మ్యాపులు వాడే గీసేవాడు.

దేని మీద గీసేవాడో తెలుసా? పాత ఫ్లెక్సీల వెనక.

ముందువైపు ఎవరో లీడర్ గారికి జన్మదిన శుభాకాంక్షలు. వెనక తెల్లటి వైపు మా అడవులు, మా కోటలు. ఆ లీడర్లు జనానికి పనికొచ్చింది అక్కడే.

నాకూ సరదా పుట్టి ఒక మ్యాప్ మొదలుపెట్టా. ఏకంగా ఏడు రాజ్యాలు. ఒక్క ఊరూ పూర్తి కాలేదు. వాడు చూసి నవ్వలేదు.

"ముందు ఒక ఏరు గియ్యరా. ఏరుంటే దాటాలి. దాటాలంటే రేవు కావాలి. రేవుంటే పక్కన టీ కొట్టు పడుద్ది. ఇంక ఊరు దానంతటదే తయారవుద్ది" అన్నాడు.

వాళ్ల బాబాయి మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాడికీ, మావాడు ఇంకా పిల్లల బొమ్మలు గీసుకుంటున్నాడని వెటకారంగా చెప్పేవాడు. ఆయనా ఓ చిన్న సైజు లీడరే. డాబా ఎక్కి ఒక్కసారి చూసిన పాపాన పోలేదు.

మొన్న ఆదివారం మా పడవని ఏటి మధ్యలో ఆపేసి ఆట ముగించాడు. మ్యాప్‌లో అవతలి గట్టు ఖాళీ. వచ్చే వారం అది నువ్వే గీయాలని మార్కర్ నా చేతిలో పెట్టాడు. నాకు రాదన్నా. వింటేగా.

నిన్న నేను వెళ్లేసరికి, వాకిట్లో ఆ మ్యాపే పరిచి దాని మీద పాడెకి వెదుళ్లు నరుకుతున్నారు. ఏరు ముక్కలు ముక్కలైపోయింది.

ఇదేంటండీ అని అడిగా.

"పాత ఫ్లెక్సీయే కదయ్యా" అన్నాడు బాబాయి.

ఇవాళ సెంటర్లో కొత్తది లేచింది. అశ్రునివాళి అట. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని బాబాయి నిలువెత్తున దణ్ణం పెడుతున్నాడు. చుట్టూ ఆయన బ్యాచ్. మురళి ఓ మూల, పాస్‌పోర్ట్ ఫొటో అంత. కింద 'గొప్ప చిత్రకారుడు' అని రాయించారు.

నిన్నటిదాకా పిల్లల బొమ్మలు. రాత్రికి రాత్రే చిత్రకారుడైపోయాడు. ఛీ, సిగ్గుండాలి.

తిట్టుకుంటూనే వెనక్కి వెళ్లి చూశా. వెనకవైపు తెల్లగా ఉంది. మంచి పెద్ద సైజు.

పెద్దకర్మ అయ్యాక దాన్ని ఎలాగూ పీకి పడేస్తారు. నేను తెచ్చుకుంటా. బాబాయి మొహం నేలకేసి పరిచి, ముందు ఏరు గీస్తా. తర్వాత అవతలి గట్టు.

పోయిరారా మురళీ. నీకు శాంతి కలగాలి. ఆ రేవుకి నీ పేరే పెడతా.