మూడో స్కాన్

నిప్పు కనిపెట్టిన తర్వాత మానవజాతి చరిత్రలో అంతటి ఘట్టం, దర్జీ అయిన మా బాబాయి గుడ్డను మూడుసార్లు కొలిచాకే కత్తెర పట్టాలని తీర్మానించిన రోజు. నలభై ఏళ్లలో ఆ శాసనానికి ఒక్క సవరణా జరగలేదు.

అరవై మూడో ఏట బాబాయికి రక్తపరీక్షలో ప్రోస్టేట్ క్యాన్సరేమోనన్న అనుమానం వచ్చింది. ఎమ్మారై స్కాన్‌లో చిన్న మచ్చ కనిపించింది.

"స్కాన్ అనుమానమే చెబుతుందండీ. ఖాయంగా తేలాలంటే బయాప్సీ చేయాలి, సూదితో ముక్క తీసి చూడాలి," అన్నాడు డాక్టరు.

"తీసిన ముక్కను మళ్లీ అతికించలేం కదండీ. ఇంకో రెండుసార్లు స్కానే చూద్దాం."

పిన్నికి ఒళ్లు మండింది. "మీ ఒళ్లేమైనా కోటు గుడ్డా? జన్మంతా సూదితోనే బతికారు, ఇప్పుడు సూదంటే భయమేంటండీ?"

"నేను పొడిచేవాణ్ణే, పొడిపించుకునేవాణ్ణి కాదు."

ఏడు నెలల తర్వాత రెండో స్కాన్‌లో మచ్చ కాస్త పెరిగింది. కొలతల్లో ఆ మాత్రం తేడా మామూలేనన్నాడు బాబాయి. మరో ఏడాదికి తీసిన మూడో స్కాన్‌లో తుంటి ఎముకలోనూ మచ్చలున్నాయి. అప్పుడు బయాప్సీకి ఒప్పుకున్నాడు. క్యాన్సరేనని తేలింది. నయమయ్యే దశ దాటిపోయిందని డాక్టరు చెప్పాడు.

బయాప్సీకి పట్టింది ఇరవై నిమిషాలు.