మా వ్యాను సస్పెన్షన్, మా బోరు నీళ్లు

పెళ్లికొడుకును రోడ్డు మీద వదిలేసి పెళ్లికి పోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. వదిలేసింది కూడా పరాయివాణ్ణి కాదు, నా సొంత బావమరిదిని. ఇంత ఘనకార్యం చేసినవాడు తలెత్తుకుని ఎలా తిరుగుతున్నాడని మీకు అనుమానం రావచ్చు. కాస్త ఓపిక పట్టండి, చెబుతాను.

అప్పట్లో నాకు గర్వపడటానికి రెండే ఉండేవి. ఒకటి, ఏడుగురు కూర్చునే కొత్త వ్యాను. రెండోది, మా చేనులో పడిన బోరు. వ్యానుదేముంది, అప్పు దొరికితే ఎవరైనా కొంటారు. బోరు అలా కాదు. పామిడి పక్కన మా పల్లెలో మా నాయన వేయించిన బోర్లన్నీ దుమ్ము కక్కి ఊరుకున్నాయి. నేను వేయించినదాంట్లో నీళ్లు పడ్డాయి, అవీ తియ్యటి నీళ్లు. ఆ రోజు నుంచి మా ఇంటికి వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చినా ఇవ్వకపోయినా నీళ్లు మాత్రం ఇచ్చేవాణ్ణి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వాళ్ల ముఖంలోకి చూస్తూ నిలబడేవాణ్ణి. "బాగుండాయి" అనేదాకా కదలనిచ్చేవాణ్ణి కాదు.

ఇక వ్యాను సంగతి. కొనగానే, అదే వ్యాను ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరాను. అక్కడ పొద్దున లేచింది మొదలు సస్పెన్షన్ గోలే. ఒకాయన బండి గుంతలో దిగితే కిర్రుమంటుందట. ఇంకొకాయన బండిలో షాక్ అబ్జార్బర్ నుంచి నూనె కారుతుందట. మరొకాయన బండి జనం ఎక్కగానే అలసిపోయిన ఎనుములా వెనక్కి కూలబడుతుందట. నా బండికి ఏ జబ్బూ లేదు. అయినా ఆ మొరలన్నీ శ్రద్ధగా చదివి, ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి.

ఇంతలో నా భార్య సుబ్బమ్మ తమ్ముడు ఓబులేసుకు కొత్తచెరువు దగ్గర సంబంధం కుదిరింది. నిశ్చితార్థం నాడు భోజనాల దగ్గర పెళ్లికూతురి మేనమామ పెద్దన్న నాకు గ్లాసు అందించాడు.

"తాగప్పా. మీ పామిడిలో నీళ్లు యాడుంటాయిలే. పెన్నలో ఇసుక తప్ప ఏమన్నా చూసినారా మీరు?"

అందరూ నవ్వారు. ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు కషాయం. అయినా గుటక వేశాను. జవాబు పెళ్లినాడు చెప్పాలని అక్కడే, ఆ విస్తరి ముందే, నిర్ణయించుకున్నాను.

పెళ్లినాడు చుట్టాల బస్సు ముందే వెళ్లిపోయింది. పెళ్లికొడుకు మాత్రం నా వ్యానులోనే రావాలని నేనే పట్టుబట్టాను. ఇంట్లోవాళ్లు తయారయ్యేలోపల వెనక సీటు మడిచేసి, మా బోరు నీళ్ల క్యాన్లు ఎన్ని పడితే అన్ని పేర్చాను. సందుల్లో మూతల బిందెలు కూర్చాను. పైన దుప్పటి కప్పాను. పెళ్లికి వచ్చినవాళ్లందరికీ తలా ఒక గ్లాసు, పెద్దన్నకు మొదటి గ్లాసు. ఇదీ నా పథకం.

మా అత్తకు మోకాళ్ల నొప్పులు, ఆమెకు ముందు సీటు ఇచ్చాను. మధ్యలో సుబ్బమ్మ, ఆమె ఇద్దరు పిన్నమ్మలు. పట్టుపంచె కట్టిన పెళ్లికొడుకును వెనక క్యాన్ల మీద కూర్చోబెట్టి, అవి దొర్లకుండా పట్టుకోమన్నాను.

"ఏమయ్యా, వెనక ఏం పెట్టినావు?" అంది సుబ్బమ్మ.

"ఏమీ లేదు, నీళ్లే."

"ఓ, నీళ్లేనా."

అంతే, మళ్లీ అడగలేదు. ఎందుకడుగుతుంది? మా వైపు ఇల్లు కదిలితే నీళ్లు పట్టుకుపోవడం చెప్పులు వేసుకుపోవడంతో సమానం. చెప్పులను ఎవరైనా సామానులో లెక్కేస్తారా, మీరే చెప్పండి.

అనంతపురం దాకా పెద్ద రోడ్డు, హాయిగా వెళ్లాము. ఊరు దాటి ధర్మవరం దారి పట్టాక మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. బండి కడుపు దాని మీద ధడేలున కూలింది.

"బావా, ఏందది?" అన్నాడు వెనక నుంచి ఓబులేసు.

"సస్పెన్షన్," అన్నాను. నిజం చెప్పొద్దూ, లోపల సంతోషంగానే ఉంది. ఇన్నాళ్లు చదివిన చదువు ఇప్పటికి పనికొచ్చింది. దిగి చూస్తే వ్యాను వెనక భాగం నేలను వెతుక్కుంటోంది, ముందు భాగం మబ్బులను వెతుక్కుంటోంది. వెంటనే గ్రూపులో వాయిస్ పెట్టాను. "అన్నా, మనమందరం మోసపోయినాం. నలుగురు ఆడోళ్లు కూర్చుంటేనే కూలబడే బండిని కుటుంబాల బండి అని అమ్మినారు. దీన్ని ఊరికే వదిలేది లేదు."

ఎవరో అడిగారు, "వెనక బరువేమన్నా ఉండాదా అన్నా?"

"ఏమీ లేదు, నీళ్లే," అని పెట్టాను.

"ఎన్ని నీళ్లు?"

దానికి జవాబు చెప్పే తీరిక నాకు లేదు. అవతల ముహూర్తం దగ్గర పడుతోంది.

అక్కడి నుంచి ఒక పద్ధతి పెట్టాను. స్పీడ్ బ్రేకర్ కనబడగానే అందరూ దిగాలి. నేను ఖాళీ బండిని మెల్లగా దాటిస్తాను, వాళ్లు నడిచి వచ్చి ఎక్కాలి. ఖాళీ బండి అని నేను అంటున్నాను, మీరు నవ్వుకోండి. నాలుగైదు చోట్ల దిగి ఎక్కేసరికి మా అత్త నా వైపు జాలిగా చూసింది.

"నాయనా అల్లుడా, నడిచే పనైతే బండెందుకు?"

గొర్రెల మందతో పోతున్న ట్రాలీ ఆటో డ్రైవరు మా పక్కన నెమ్మదించి మరీ అడిగాడు. "ప్రతి మిట్ట కాడా దిగి మొక్కుతాండారే, ఏమన్నా మొక్కుబడా అన్నా?"

సుబ్బమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఏమయ్యా, ఆ నీళ్లు కొన్ని పారబోస్తే?"

ఏదో అనరాని మాట అన్నట్టు పిన్నమ్మలిద్దరూ ఆమెను చూశారు.

"నీళ్లు పారబోసి పెండ్లికి పోతామా?" అంది మా అత్త. "నోరు కడుక్కో."

"నీళ్లకూ సస్పెన్షన్‌కూ ఏం సంబంధం?" అన్నాను నేను.

"నీళ్లెందుకులేక్కా పారబోసేది, కావాల్నంటే నేను దిగి తోస్తా," అన్నాడు ఓబులేసు. ఆ పిల్లవాడి మంచితనం ఇప్పుడు తలుచుకున్నా నాకు కడుపు నిండుతుంది.

అన్నట్టే తోశాడు కూడా. కొత్తచెరువు ఇంకాస్త దూరముందనగా చివరి స్పీడ్ బ్రేకర్, దాని వెనకే ఎత్తు. బండి దాని మీద ఆగిపోయి మూలిగింది. ఆడవాళ్లు ముందుకు నడిచి నిలబడ్డారు. ఓబులేసు పంచె ఎగ్గట్టి వెనక నుంచి తోశాడు. బండి దాటింది. ఆడవాళ్లు ఎక్కారు, వెనక తలుపు మూసిన చప్పుడైంది. క్యాన్లు జారకుండా ఓబులేసు బయటి నుంచే మూశాడని తర్వాత తెలిసింది. ఎత్తులో ఆపితే మళ్లీ కదలదని నేను వెనక్కి చూడకుండా లాగించాను. "బావా, బావా" అని కేక వినబడింది. బండి ఎక్కిందని సంబరపడుతున్నాడనుకున్నాను. వెనక క్యాన్ల మీద ఉన్నాడులే అని ఆడవాళ్లూ అనుకున్నారు.

పెళ్లింటి ముందు వ్యాను ఆగగానే మేళం మోగింది. పెద్దన్న పూలదండతో ఎదురొచ్చాడు. నేను రాజులా దిగి వెనక తలుపు తెరిచాను. దుప్పటి ఉంది, క్యాన్లు ఉన్నాయి. మేళం ఆగిపోయింది.

"పెండ్లికొడుకు యాడప్పా?" అన్నాడు పెద్దన్న.

నా నోరు ఎండిపోయింది. అన్ని నీళ్ల ముందు నిలబడి నోరు ఎండినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

"పెండ్లికొడుకును మరిచిపోయి, ఇంత దూరం ఏం మోసుకొచ్చినావు?"

"ఏమీ లేదు, నీళ్లే."

పెళ్లికూతురి తల్లి అరుగు మీద కూలబడింది. పురోహితుడు ముహూర్తం దాటిపోతుందని గొణుగుతున్నాడు. నేను బండి తిప్పబోతుంటే, దారిలో టీకి ఆగి వెనకబడిన ఆ గొర్రెల ఆటో సందు మొదట్లో కనబడింది. ట్రాలీలో గొర్రెల మధ్య పట్టుపంచెతో, కడ్డీ పట్టుకుని, ఊరేగింపులో వస్తున్నట్టు ఓబులేసు నిలబడి ఉన్నాడు.

"మొక్కుబడి ఇంత గట్టిదనుకోలేదన్నా," అన్నాడు డ్రైవరు.

ఓబులేసు దిగీ దిగగానే నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు. "నీళ్లు తొణకలేదు కదా బావా?"

ముహూర్తానికి తాళి పడింది. తర్వాత క్యాన్లు ఒక్కొక్కటే దింపించాను. ఒక్కో క్యాను దిగేకొద్దీ వ్యాను వెనక భాగం ఒక్కో పిసరు లేచింది. ఆఖరి బిందె దిగేసరికి షోరూములో ఉన్నట్టు నిటారుగా నిలబడింది.

"నయమైందిలే నీ సస్పెన్షన్," అంది సుబ్బమ్మ.

నీళ్లకు బరువుంటుందని ఆ రోజు దాకా నాకు తట్టనే లేదు. ఎన్నేళ్లుగానో లేనిదానికి బరువేమిటి చెప్పండి. సిగ్గుతో చచ్చిపోవాల్సిన నేను, మొదటి గ్లాసు ముంచి పెద్దన్నకు ఇచ్చాను. ఆయన ఒక గుటక తాగాడు. ఆగాడు. మిగిలినది గడగడా తాగేసి, గ్లాసు మళ్లీ చాచాడు. ఆ చాచిన గ్లాసును నేను చచ్చేదాకా మరిచిపోను. నా గుండె వ్యానుకంటే ఎత్తు లేచింది. సాయంత్రానికి ఒక్క క్యానులో కూడా చుక్క మిగల్లేదు.

గ్రూపులో "ఎన్ని నీళ్లు?" అన్న ప్రశ్నకు ఖాళీ క్యాన్ల ఫోటో జవాబుగా పెట్టాను. ఇప్పటికీ ఎవరైనా సస్పెన్షన్ అని మొరపెట్టుకుంటే అక్కడ మొదట వచ్చే ప్రశ్న ఒకటే: వెనక నీళ్లేమన్నా ఉండాయా?

కాబట్టి పాఠకులారా, మా బోరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఒకే బండిలో నీళ్లనూ పెళ్లికొడుకునూ ఎక్కించను. ముందు నీళ్లు భద్రంగా చేరుస్తాను. ఆ తర్వాత తిరిగొచ్చి పెళ్లికొడుకును తీసుకుపోతాను.